పద్నాలుగో వార్డులో సూర్యోదయం

పెదనూతుల పురపాలక సంఘం కిందటేడు నలభై ఒక్క లక్ష్యాలు పెట్టుకుంది. ఒక్కటంటే ఒక్కటి నెరవేరలేదు. ఇందులో విడ్డూరమేమీ లేదు. అంతకు ముందేడు ముప్పై ఎనిమిది పెట్టుకుని, ముప్పై ఎనిమిదింటినీ ఇలాగే గాలికొదిలేసింది. విడ్డూరమల్లా ఈసారి పైవాళ్ళు ఆ సంగతి అడగడమే. జిల్లా సమీక్షలో కమిషనర్ పరాంకుశం గారిని లేపి నిలబెట్టి, "సున్నా శాతమా? కనీసం పొరపాటునైనా ఒకటి జరగలేదా?" అన్నారట. ఆయన ఊరికి తిరిగొచ్చి రెండు రోజులు మజ్జిగన్నం తప్ప ఇంకేమీ ముట్టలేదని ఆఫీసులో చెప్పుకున్నారు.

మూడో రోజున సర్క్యులర్ దిగింది. 'వార్షిక లక్ష్య నిర్ధారణ మరియు ప్రాధాన్యతా క్రమ నిర్ణయ మేధోమథన సదస్సు'కు గౌరవ సభ్యులందరితోపాటు ప్రతి విభాగం నుంచి ఒక ఉద్యోగి విధిగా హాజరు కావలెను. సదస్సు పేరు చదివేసరికే నీటి విభాగం ఇంజనీరు గారికి నడుం పట్టేసింది. వర్క్ ఇన్‌స్పెక్టరు గారికి జ్వరం తగిలింది. ఇక మిగిలింది ఫిట్టరు కడలి త్రిమూర్తులు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో అతనికి సమయానికి జబ్బు చేయడం చేతకాలేదు.

త్రిమూర్తులుకి లోకంలో ఇష్టమైనవి రెండే. ఒకటి, చుక్క కారకుండా బిగిసిన జాయింటు. రెండోది, పద్నాలుగో వార్డులో మంగాయమ్మ ఇడ్లీ. ఆ రెండోది అతని నోటికందక మూడేళ్ళయింది. మూడేళ్ళ కిందట ఆ వార్డుకి నీళ్ళొదిలే వాల్వులో పలకని పైకి లేపే స్పిండిలు విరిగి, ఆ పలక సగంలో దిగబడిపోయింది. అప్పట్నించి పద్నాలుగో వార్డుకి నాలుగు రోజులకోసారి, దారప్పోగులాంటి ధార వస్తోంది. మంగాయమ్మ పప్పు కడగాలన్నా, గిన్నెలు తోమాలన్నా పక్క వార్డు నుంచి బిందెలు మోసుకోవాల్సిందే. ఏభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. ఒకరోజు త్రిమూర్తులు అలవాటుగా బల్ల మీద కూర్చుని చెయ్యి చాపేసరికి, ఆవిడ ప్లేటు వెనక్కి లాగేసింది.

"నా కుళాయిలో నీళ్ళు పడిన్నాడు నీ నోట్లో నా ఇడ్లీ పడద్ది. అందాకా నా బల్లెక్కకు. ఊరందరికీ తెలుసు, ఆ వాల్వుల తాళాలన్నీ నీ చేతిలోనే ఉన్నాయని."

తాళాలు అతని చేతిలో ఉన్నాయి గాని సంతకాలు లేవు. కొత్త స్పిండిలు స్టోరులో ఉంది. దాన్ని బయటికి తీయడానికి కావలసిన కాగితం మూడేళ్ళుగా నాలుగు బల్లల మధ్య తిరుగుతోంది. ఈ సంగతి మంగాయమ్మకి చెబితే, "కాగితాలు నానబోసి రుబ్బమంటావేటి?" అంది. త్రిమూర్తులు అప్పట్నించి బస్టాండు క్యాంటీన్లో ఉప్మా తింటున్నాడు. దాన్ని తింటున్నాడనడం కూడా ఎక్కువే, మింగుతున్నాడు.

అంచేత సదస్సు అనగానే అతనికి ఆశ పుట్టింది. ప్రాధాన్యాలు నిర్ణయిస్తారట, అందరి మాటా వింటారట. కొత్త చొక్కా తొడుక్కుని కళ్యాణమండపానికి వెళ్ళాడు.

సదస్సు నడిపించడానికి రాజధాని నుంచి విశ్వజిత్ గారనే లక్ష్యసాధన నిపుణుడొచ్చాడు. చెంపకి మైకు, చేతిలో రిమోటు, కాళ్ళకి తెల్లబూట్లు. "మీ అందరిలోనూ ఒక మహా దార్శనికత నిద్రపోతోంది. దాన్ని మేల్కొలుపుదాం!" అన్నాడు. భోజనాలయ్యాక మొదలుపెట్టడం వల్ల ముందు వరసలో ముగ్గురు సభ్యులు దార్శనికతకి తోడుగా అప్పటికే నిద్రపోయారు.

పద్ధతి ఇదీ. ఎవరికి తోచిన లక్ష్యం వాళ్ళు చార్టు మీద రాయాలి. ఒక్కొక్కరికీ అయిదు రంగు చుక్కలిస్తారు. నచ్చిన లక్ష్యం పక్కన అంటించాలి. ఎక్కువ చుక్కలు పడ్డవి ప్రాధాన్యాలు. తీరా చూస్తే చుక్కల డబ్బా రైల్లో మర్చిపోయారు. నిపుణుడు తల పట్టుకున్నాడు. చైర్మన్ రంగనాయకులు గారు మాత్రం కంగారుపడలేదు. ఆయనకి రైసుమిల్లుంది, తౌడు దగ్గర్నించీ దేన్నీ వృథా పోనివ్వని మనిషి. ఫ్యాన్సీ కొట్టుకి మనిషిని పంపి ఎర్రటి బొట్టు బిళ్ళలు డజను అట్టలు తెప్పించారు. పెదనూతుల ప్రాధాన్యాలు ఆ విధంగా బొట్టు బిళ్ళలతో నిర్ణయమయ్యాయి. అలవాటు కొద్దీ ఇద్దరు మహిళా సభ్యులు చెరొకటీ నుదుటికి పెట్టుకోవడంతో మొత్తంలో రెండు తక్కువొచ్చాయి. అంతకు మించి అక్రమాలేమీ జరగలేదు.

త్రిమూర్తులు 'పద్నాలుగో వార్డు వాల్వు బాగుచేయుట' అని రాసి, తన అయిదు బిళ్ళలూ దాని పక్కనే అంటించాడు. తరవాత పద్నాలుగో వార్డు సభ్యుడు వాసంశెట్టి నూకరాజు గారి వైపు ఆశగా చూశాడు. ఆయన నేరుగా వెళ్ళి 'స్వాగత తోరణం' మీద అయిదూ అంటించారు.

"మన వార్డు వాల్వేనండీ అది," అన్నాడు త్రిమూర్తులు ఆయన దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి.

"తెలుసు తిమ్మూర్తులూ. కానీ నీళ్ళు పైపులో ఉంటాయి, ఎవడికీ కనపడవు. తోరణవైతే రోడ్డెక్కిన ప్రతోడికీ కనపడద్ది. దానిమీద నా పేరు కూడా పడద్ది. పైపు మీద పేరు రాయించుకుంటే నేలలోనే ఉంటాది గదయ్యా!"

లెక్క తేలింది. తోరణం, పార్కులో ఫౌంటెను, చెరువు మధ్యలో బోటు, ఇలా ముప్పై దాకా వచ్చాయి. విశ్వజిత్ గారు చప్పట్లు కొట్టించాడు. అప్పుడు కమిషనర్ గారు లేచారు. ముఖంలో మజ్జిగన్నం తాలూకు నీరసం ఇంకా ఉంది.

"గౌరవ సభ్యులకు విన్నపం. వీటిలో ఏది ఈ సంవత్సరం తప్పనిసరిగా నెరవేరునో దయచేసి సెలవియ్యండి. మళ్ళీ సున్నా వస్తే నన్ను మన్యానికి బదిలీ చేస్తారు."

తోరణం మూడేళ్ళుగా లక్ష్యమే. ఫౌంటెను అయిదేళ్ళుగా లక్ష్యం. బోటు సంగతి చెప్పాలంటే, చెరువులో నీళ్ళుండాలి. నిపుణుడు గబగబా రిమోటు నొక్కాడు. తెర మీద 'సాధించగలిగినదే లక్ష్యం' అని పడింది.

చైర్మన్ గారు ఆ అక్షరాల్ని చాలాసేపు చూశారు. "ఇదేదో బాగానే ఉందే. మా మిల్లులో అయితే బియ్యం బస్తాలోకొచ్చాకే పుస్తకంలో రాస్తాం. రాబోయే బియ్యం రాయం. అలాగే, ఎలాగూ జరిగేదాన్నే లక్ష్యం అనుకుంటే పోలా? ఎవడికీ పేచీ ఉండదు."

విశ్వజిత్ గారు ఒక్క క్షణం నోరు తెరిచి, వెంటనే మూసి, మళ్ళీ తెరిచాడు. "అద్భుతం సార్! దీన్ని మా రంగంలో 'నిశ్చిత లక్ష్యం' అంటాం." అలా అనడం ఆ క్షణం నుంచే మొదలైందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఇక చూడాలి ఉత్సాహం! నిద్రపోయినవాళ్ళు కూడా లేచారు. 'కార్యాలయము ఉదయం పదిన్నరకు తెరువబడుట' అని ఒకరన్నారు. హెడ్‌గుమాస్తా గారు భయపడిపోయి, "అంత ధైర్యం చేయొద్దు సార్, పన్నెండు నెలల వ్యవహారం," అని కొట్టేయించారు. 'గడియార స్తంభము స్వస్థానమున నిలిచియుండుట' అని ఇంకొకరన్నారు. పట్టణ ప్రణాళిక అధికారి దానికి ఏడాది హామీ ఇవ్వలేనన్నాడు. చివరికి వడపోసి మూడు తేల్చారు. వీధికుక్కల సంఖ్య తగ్గకుండా చూచుట. ప్రధాన కాలువ ఎత్తు నుంచి పల్లమునకు ప్రవహించుట. అన్నింటికన్నా మొదటి ప్రాధాన్యం, ఇరవై నాలుగు వార్డులలోనూ ప్రతిదినము సూర్యోదయము జరుగుట.

"వానాకాలంలో సూర్యుడు రాకపోతేనో?" అని నూకరాజు గారు అడ్డుపడ్డారు. దానిమీద గంటసేపు చర్చ జరిగింది. 'సూర్యోదయమునకు పురపాలక సంఘము తరఫున ఎట్టి ఆటంకమూ కలిగించకుండుట' అని సవరించి ఏకగ్రీవంగా ఆమోదించారు. బొట్టు బిళ్ళలన్నీ చార్టుల మీంచి ఊడదీసి మళ్ళీ దీని పక్కన అంటించారు. త్రిమూర్తులు బిళ్ళలు అయిదూ కూడా అందులోనే పోయాయి.

అతను చెయ్యెత్తాడు. "వాల్వు కూడా జరుగుద్దండీ. స్పిండిలు మార్చి, తాడు చుట్టి బిగిస్తే అరపూట పనండి. ఆయ్, నేను పూచీ."

కమిషనర్ గారు జాలిగా చూశారు. "అరపూట పని మూడేళ్ళుగా కాలేదంటే ఏమని అర్థం? అది అసాధ్యమని రికార్డులే చెబుతున్నాయి. అసాధ్యమును లక్ష్యముగా స్వీకరింపజాలము. కూర్చో."

త్రిమూర్తులు కూర్చున్నాడు. చార్టు మీద తన కాగితాన్ని ఎవరో చించి, దాంట్లో బూందీ పొట్లం కట్టారు.

వారం తిరక్కుండా ఉత్తర్వులొచ్చాయి. 'ఇందుమూలముగా సమస్త సిబ్బందికీ తెలియజేయడమేమనగా, ఆమోదిత లక్ష్యముల జాబితాలో లేని ఏ మరమ్మతు గాని, మార్పు గాని, నూతన పని గాని చేపట్టరాదు. చేపట్టినచో తీవ్రముగా పరిగణింపబడును.' దాని వెనకే ఇంకోటి. మొదటి లక్ష్యం అమలుకు వార్డుకొక సూర్యోదయ పర్యవేక్షకుణ్ణి నియమించారు. మరమ్మతులు నిషేధం గనక ఫిట్టర్లకి పనిలేదు. సదస్సులో పద్నాలుగో వార్డు కోసం అంత ఆత్రపడ్డవాడు గనక త్రిమూర్తుల్ని అక్కడే వేశారు.

రోజూ తెల్లవారుజామున వార్డు నడిబొడ్డుకి చేరాలి. రిజిస్టరులో తేదీ, సూర్యుడు ఉదయించిన సమయం, పురపాలక సంఘం వల్ల ఆటంకం కలిగిందా లేదా, రిమార్కులు రాసి సంతకం పెట్టాలి. పద్నాలుగో వార్డు నడిబొడ్డు ఎక్కడని సర్వేయరు కొలిచాడు. సరిగ్గా మంగాయమ్మ కొట్టు ముందు, వాల్వు గుంట మూత మీద తేలింది.

మొదటి రోజు మబ్బు పట్టింది. త్రిమూర్తులు కంగారుగా ఆఫీసుకి ఫోన్ చేశాడు. "అయ్యా, సూర్యుడు కనపడట్లేదండీ."

హెడ్‌గుమాస్తా విసుక్కున్నాడు. "కనపడటం లక్ష్యం కాదయ్యా, ఉదయించడం లక్ష్యం. ఆటంకం మనవల్లా?"

"కాదండీ, మబ్బువల్లండీ."

"అయితే సంతకం పెట్టు."

మంగాయమ్మ ఇడ్లీపాత్ర మూత తీస్తూ ఇదంతా విన్నది. ఆవిరితోపాటు అల్లం పచ్చడి వాసన త్రిమూర్తులు దాకా వచ్చింది. "ఇదేటయ్యా ఇది? మున్సిపాల్టీవోళ్ళు సంతకం పెడితేగాని పొద్దు పొడవదా? ఇన్నాళ్ళూ ఎవరి సంతకంతో పొడిచిందంట?"

"డ్యూటీ అక్కా."

"పొద్దుకి కాపలా కాస్తావు గాని, నీ పిర్ర కింద ఉన్న వాల్వు మాత్రం కనపడదు నీకు. సిగ్గుండాలి మనిషన్నాక!"

అలా పద్దెనిమిది రోజులు సూర్యుడు తప్పకుండా ఉదయించాడు, మంగాయమ్మ తప్పకుండా తిట్టింది. తిట్లకి త్రిమూర్తులు అలవాటు పడిపోయాడు. ఆవిడ తిట్టిందంటే కనీసం మనిషినని గుర్తించినట్టే కదా అనుకునేవాడు.

పంతొమ్మిదో రోజున ఆవిడ పక్క వార్డు నుంచి రెండు బిందెలు మోసుకొచ్చింది. కొట్టు ముందుకొచ్చేసరికి ఒకటి జారి, నీళ్ళన్నీ మట్టిపాలయ్యాయి. బిందె దొర్లుకుంటూ వచ్చి త్రిమూర్తులు కాళ్ళ దగ్గర ఆగింది. అతను తల వంచుకుని తిట్ల కోసం చూశాడు. ఆవిడ ఏమీ అనలేదు. బల్ల మీద కూలబడి, రెండు మోకాళ్ళూ పట్టుకుని, వీధివైపు చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి లేచి ఖాళీ బిందె తీసుకుని మళ్ళీ అటే వెళ్ళింది. మూడేళ్ళలో ఏ తిట్టూ పెట్టనంత బాధ ఆ మౌనం పెట్టింది. త్రిమూర్తులుకి ఏడుపొచ్చినంత పనైంది. "ఛీ, ఎందుకీ బతుకు," అనుకున్నాడు, పైకే.

మర్నాడు రిజిస్టరు కింద గుడ్డసంచీ కూడా ఉంది. సంచీలో స్పానరు, గ్రీజు, జనపతాడు, పంపుహౌసు వెనక పారేసిన పాత వాల్వు నుంచి ఊడదీసిన స్పిండిలు. నీళ్ళొదలడానికి ఇంకా గంటన్నర ఉంది. మూత లేపి గుంటలోకి దిగాడు. మూడేళ్ళ తుప్పు అంత తేలిగ్గా లొంగలేదు. చెయ్యి గీరుకుంది, కొత్త చొక్కా పోయింది. కానీ స్పిండిలు కూర్చుని, పలక 'కిర్రు'మంటూ పైకి లేచినప్పుడు అతనికి పెళ్ళినాడు కూడా కలగనంత సంతోషం కలిగింది.

పైకొచ్చి చూస్తే ఊరంతా వెలుగు. రిజిస్టరు గుర్తొచ్చింది. ఇరవై ఆరేళ్ళలో అతను దొంగలెక్క రాసి ఎరగడు. గ్రీజు చేత్తోనే రాశాడు: 'సూర్యోదయం అయినది. వాల్వు గుంటలో ఉండుటచే స్వయముగా చూడలేదు. ఆటంకం లేదు.'

ఆరున్నరకి కుళాయి దగ్గర మొదట గాలి బుసకొట్టింది. తరవాత ఎర్రనీళ్ళు, ఆ తరవాత తెల్లటి ధార బకెట్టు అడుగుని దడదడా కొట్టింది. వీధి వీధంతా బిందెలతో బయటపడింది. మంగాయమ్మ కుళాయి కింద చెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. "ఓరి నీ ఇల్లు బంగారం గానూ!" అంది. ఆవిడ కళ్ళు తడిసిన మాట నిజం, తరవాత మాత్రం పొగ అని బుకాయించింది.

త్రిమూర్తులు మెల్లిగా బల్ల మీద కూర్చున్నాడు.

"లే. ఒక్కరోజు ముచ్చటకి పొంగిపోయే మనిషిని కాను. మీ మున్సిపాల్టీ సంగతి నాకు తెల్దా? వారం రోజులు వరసాగ్గా పడనీ. ఎనిమిదో రోజున పీటేసి పెడతాను."

అతను లేచాడు. అందులో న్యాయముంది.

ఆరో రోజున రిజిస్టర్ల తనిఖీ జరిగింది. ఇరవై నాలుగు వార్డుల సూర్యోదయాలనూ హెడ్‌గుమాస్తా వరసగా చూసుకుంటూ వచ్చి పద్నాలుగు దగ్గర ఆగిపోయాడు. గ్రీజు వేలిముద్రతో సహా నేరం అక్కడ రాసి ఉంది. అరగంటలో కమిషనర్ గారి గదిలో చైర్మన్ గారు, నూకరాజు గారు చేరారు. విశ్వజిత్ గారు ఫోన్ స్పీకరులో చేరాడు. త్రిమూర్తులు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"పద్నాలుగో వార్డులో నీరు వచ్చుచున్నది," అన్నారు కమిషనర్ గారు, పాము వచ్చింది అన్నట్టుగా. "ఏ లక్ష్యము క్రింద వచ్చుచున్నది?"

"మా పరిభాషలో దీన్ని 'అనాథ ఫలితం' అంటారు సార్," అంది ఫోన్. "లక్ష్యం అనే తల్లి లేకుండా పుట్టింది. చాలా ప్రమాదకరం. ఒకటి చూసి ఇంకోటి పుడుతుంది. రేపు లక్ష్యాలు లేకపోయినా పనులు జరుగుతాయని జనం అనుకుంటే, అసలు సదస్సులు దేనికి సార్?"

నూకరాజు గారికి వేరే బాధ. "జనం నా ఇంటికొచ్చి దండేస్తానంటున్నారండీ. నాకేం తెలుసు? ఎవరు చేశారంటే ఏం చెప్పమంటారు? చేసేదేదో నాకు చెప్పి చేస్తే, కొబ్బరికాయన్నా కొట్టేవోణ్ణి గదా!"

"వచ్చే ఏడు లక్ష్యంగా పెట్టేద్దాం," అన్నారు చైర్మన్ గారు.

"పెట్టొచ్చు సార్, కానీ ప్రారంభ స్థితి సున్నా ఉండాలి," అంది ఫోన్. "ఇప్పుడు నీళ్ళుంటే, వచ్చే ఏడు ఇచ్చామని ఎలా చూపిస్తారు? ముందు తీసేయాలి, అప్పుడు ఇవ్వాలి."

గదిలో అందరి ముఖాలూ విప్పారాయి. ఎంత సుబోధకమైన మార్గం! కమిషనర్ గారు కళ్ళజోడు సవరించుకుని ఆజ్ఞాపించారు. "త్రిమూర్తులూ, తక్షణమే వెళ్ళి సదరు వాల్వును పూర్వస్థితికి పునరుద్ధరింపుము. అనగా, మూసివేయుము."

త్రిమూర్తులు మనసులో లెక్క వేసుకున్నాడు. ఆరు రోజులు నీళ్ళు పడ్డాయి. ఇంకొక్క రోజు పడితే వారం. తన చేత్తో తనే వాల్వు మూసి, ఆ బల్ల ముందు నుంచి ఎలా నడిచి రావడం? మంగాయమ్మ తిట్టినా ఫర్వాలేదు, మళ్ళీ మాట్లాడకుండా మోకాళ్ళు పట్టుకు కూర్చుంటే? జేబులో చెయ్యి పెట్టాడు. మడతలు పడ్డ ఉత్తర్వు చేతికి తగిలింది. అతను తెలివైనవాణ్ణని ఎప్పుడూ అనుకోలేదు. కానీ ఇన్నాళ్ళూ పొద్దు పొడిచేదాకా చదువుకోవడానికి ఆ కాగితం తప్ప ఇంకేమీ లేకపోయింది. అందుకని అది కంఠతా వచ్చేసింది.

"అలాగేనండీ. ఆయ్, ఒక్క చిన్న మనవండీ. మూయడం లక్ష్యాల్లో ఉందాండీ?"

"ఏమిటీ?"

"మరమ్మతు గాని, మార్పు గాని, నూతన పని గాని చేపట్టరాదన్నారు గదండీ. నేను తెరిచింది మార్పే. తప్పేనండి, ఒప్పుకుంటున్నాను. మూసినా మార్పేగదండీ. ఒక తప్పు చేసినోణ్ణి, రెండో తప్పు చేయమంటారాండీ? తీవ్రంగా పరిగణిస్తారేమోనని బయ్యంగా ఉందండి."

కమిషనర్ గారు ఉత్తర్వు తెప్పించుకుని చదివారు. తను రాసిందే. మళ్ళీ చదివారు. అయినా అందులో అదే ఉంది. చివరికి ఫోన్ వైపు వంగి, "లక్ష్యాల జాబితాలో ఇప్పుడు 'వాల్వు మూయుట' చేర్చవచ్చునా?" అన్నారు.

"అమ్మమ్మా, కుదరదు సార్!" ఫోన్ నిజంగానే నొచ్చుకుంది. "ఏడాది మధ్యలో లక్ష్యాలు మార్చడమంటే పీటల మీద పెళ్ళికొడుకుని మార్చడమే. మళ్ళీ సదస్సు పెట్టాలి, చార్టులుండాలి, చుక్కలు పడాలి. ఏప్రిల్ దాకా ఏమీ ముట్టుకోకూడదు."

"మరి నీరు?"

"రానివ్వాల్సిందే సార్. బాధాకరమే, కానీ నియమం నియమమే."

ఆ విధంగా పద్నాలుగో వార్డుకి ఏప్రిల్ దాకా నీళ్ళు వచ్చేట్టు నిబంధనలు కట్టడి చేశాయి. త్రిమూర్తులుకి మాత్రం మెమో ఇచ్చారు. అనుమతి లేకుండా పనిచేసినందుకు సంజాయిషీ రాసివ్వాలి. అతను మెమో మడిచి జేబులో పెట్టుకున్నాడు. రెండు రోజుల తరవాత మంగాయమ్మ నిజంగానే పీటేసింది. తొమ్మిది ఇడ్లీలు తిన్నాడు. పదోది కూడా వడ్డించి, "తిను, చిక్కిపోయావు," అంది ఆవిడ. మూడేళ్ళ ఉప్మా ఆ ఒక్క పూటతో మరుపున పడింది.

ఏప్రిల్ వచ్చింది. ఏడాది పొడుగునా సూర్యుడు ఉదయించాడు, కాలువ పల్లానికే పారింది, కుక్కలు తగ్గలేదు సరికదా పెరిగాయి. నూరు శాతం! జిల్లా సమీక్షలో పరాంకుశం గారికి శాలువా కప్పి, ఉత్తమ లక్ష్యసాధక సంఘం అని షీల్డు చేతిలో పెట్టారు. ఇప్పుడు ఆయన అన్నీ తింటున్నారు.

మళ్ళీ కళ్యాణమండపం, మళ్ళీ తెల్లబూట్లు. ఈసారి చుక్కల డబ్బా మర్చిపోలేదు గాని, అచ్చొచ్చిందని చైర్మన్ గారు బొట్టు బిళ్ళలే తెప్పించారు. సూర్యోదయం పాతబడిపోయింది, ఎలాగూ జరిగేది ఇంకేదైనా కావాలన్నాడు నిపుణుడు. నూకరాజు గారు ఒక్క ఉదుటున లేచి, 'పద్నాలుగో వార్డుకు సమృద్ధిగా నీటి సరఫరా' అని రాసి అయిదు బిళ్ళలూ అంటించారు. "ఆల్రెడీ వస్తున్నాయి గదండీ, ఇంతకన్నా నిశ్చయం ఏముంది?" ప్రారంభ స్థితి సున్నా ఉండాలన్న సంగతి విశ్వజిత్ గారికి గుర్తుంది గాని, వార్డు ఆడవాళ్ళు నలభై మంది బిందెలతో మండపం గుమ్మంలో నిలబడి ఉండటం కూడా ఆయన చూశాడు. ముందు మంగాయమ్మ ఉంది. నిపుణుడు రిమోటు పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు. పది నిమిషాల్లో చార్టు ఎర్రబడిపోయింది. మొదటి ప్రాధాన్యం! సాధించిన వారి గడిలో 'మండలి సమష్టి కృషి' అని రాశారు.

వెనక వరసలో త్రిమూర్తులు లేచాడు. "సంతోషమండీ. మరి నా మెమో తీసేస్తారాండీ?"

"ఎట్లు తీసెదము?" అన్నారు కమిషనర్ గారు. "నీరు వచ్చుట సంఘము యొక్క విజయము. నీరు తెచ్చుట నీ యొక్క అపరాధము. అది వేరే ఫైలు, ఇది వేరే ఫైలు. సంజాయిషీ ఇంకా రాలేదు."

త్రిమూర్తులు అక్కడే కూర్చుని, ప్యాడు మీద కాగితం పెట్టుకుని రాశాడు.

'అయ్యా, పద్నాలుగో వార్డు వాల్వు నేను బాగుచేసిన మాట వాస్తవం. ఎవరి అనుమతీ లేదు. ఇకముందు అలాంటి పని చేయనని రాయమని హెడ్‌గుమాస్తా గారు చెప్పారు గాని, అది రాయడానికి చెయ్యి రావడం లేదు. క్షమించగలరు.'

కమిషనర్ గారు చదివి ఎర్రబడ్డారు. పశ్చాత్తాపం మచ్చుకైనా లేదు. "నిన్ను ఆ వార్డు నుంచి తప్పించి వేరొక వార్డుకు పంపెదను. ఏ వార్డు అన్నింటికన్నా కష్టము?" అని చుట్టూ చూశారు.

త్రిమూర్తులు రెండు చేతులూ జోడించాడు. "ఎక్కడికైనా పంపండి బాబూ, తొమ్మిదో వార్డుకి మాత్రం వద్దండీ. వాల్వు పట్టేసి ఆరేళ్ళుగా నీళ్ళు లేవు. మున్సిపాల్టీ మనిషి కనపడితే రాళ్ళేస్తారండీ అక్కడ."

"తొమ్మిదో వార్డే!" అన్నారు కమిషనర్ గారు, బల్ల గుద్ది.

మర్నాడు చీకటితోనే త్రిమూర్తులు మంగాయమ్మ కొట్టు దగ్గర ఆగాడు. ఆవిడ పొట్లం కడుతూ, బల్ల మీద అతను పెట్టిన గుడ్డసంచీని పక్కకి జరపబోయింది. అది కదల్లేదు. రెండు చేతులా ఎత్తితే లోపల ఇనుము ఖంగుమంది.

"ఏటయ్యా ఇందులో?"

"రిజిస్టరక్కా."

మంగాయమ్మ అతని మొహం వైపోసారి చూసింది. తరవాత కట్టిన పొట్లం విప్పి, ఇంకో నాలుగు ఇడ్లీలు పెట్టి మళ్ళీ కట్టింది.